వానాకాలం ముందు క్యాంపస్ చెట్ల తనిఖీ: శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, పని ఎలా మొదలుపెట్టాలి?

గుంటూరు_హార్టీ

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక కాలేజీ క్యాంపస్‌లో తోటల విభాగం చూస్తున్నాను. పెద్ద చెట్లే సుమారు 300 ఉంటాయి. ఎక్కువ వేప, నిద్రగన్నేరు, తురాయి, పచ్చతురాయి. తర్వాత కానుగ, ఏడాకుల పాల, రెండు మర్రులు, హాస్టళ్ల వెనక కొబ్బరి వరుస.

ప్రమాదకరమైన చెట్ల జాబితా జూన్‌లోపు ఇస్తే కొట్టించేస్తామని యాజమాన్యం అంటోంది. సగం వేపలకు కొసలు మాడి గోధుమరంగులో కనిపిస్తున్నాయి కాబట్టి ముందు వాటినే రాసెయ్యమని ఒత్తిడి. హార్టికల్చర్ డిగ్రీలో పండ్లతోటల తెగుళ్లు చదివాం గానీ, నలభై యాభై అడుగుల చెట్టు పడుతుందా లేదా అని చూసే పద్ధతి ఎవరూ నేర్పలేదు.

నా ప్రశ్నలు ఇవి. చెట్ల ప్రమాద తనిఖీకి పద్ధతి ప్రకారం శిక్షణ ఎక్కడ ఉంది, ఎన్ని రోజులు, ఏం నేర్పుతారు? శిక్షణ అయ్యేలోపు మా ఇద్దరు మాలీలతో కలిసి నేను చేయగలిగిన తనిఖీ ఏమిటి? వేపల్ని నిజంగానే కొట్టెయ్యాలా? ఖరీదైన స్కానింగ్ యంత్రాలు అవసరమా?

---

శేషు_వీధిచెట్లు

శిక్షణ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను తనిఖీ గురించి రాస్తాను. ముందు ఒక మాట. తెగులు వేరు, ప్రమాదం వేరు. ఆకు మాడిన వేప పదేళ్లు నిలబడవచ్చు. పచ్చగా నిగనిగలాడే నిద్రగన్నేరు మొదట్లో కుళ్లి రేపటి గాలికి పడవచ్చు. జాబితాను ఆకు రంగు చూసి తయారు చేస్తే పడని చెట్లు కొడతారు, పడేవి మిగులుతాయి.

చెట్టు దగ్గరికి వెళ్లేముందు క్యాంపస్ మ్యాపు ముందు పెట్టుకోండి. ఏ చెట్టు కింద మనుషులు ఎంతసేపు ఉంటారో గుర్తించండి: బస్సు ఆగే చోటు, క్యాంటీన్, బైకుల స్టాండు, హాస్టల్ గేటు, ఆటస్థలం గట్టు. చెట్టు ఎత్తు ఎంతో చుట్టూ అంత దూరం దాని పరిధి అనుకోండి. ఎండు కొమ్మలు విరిగి చెదిరే చెట్టయితే ఎత్తుకి ఒకటిన్నర రెట్లు. ఆ పరిధిలో మనుషులు గానీ, భవనం గానీ, కరెంటు తీగ గానీ లేకపోతే ఆ చెట్టుని చివరికి వదలండి. 300 చెట్లలో మొదటి విడతకి వంద కూడా మిగలకపోవచ్చు.

చెట్టుని ముందు దూరం నుంచి, కనీసం దాని ఎత్తంత దూరంలో నిలబడి, రెండు దిక్కుల నుంచి చూడాలి. ఒక దిక్కు నుంచి నిటారుగా ఉన్నది రెండో దిక్కు నుంచి ఒరిగి కనిపిస్తుంది. ఒరిగిన ప్రతి చెట్టూ ప్రమాదం కాదు. ఎప్పుడో చిన్నప్పుడు ఒరిగినదైతే మాను కింద వంగినా పైన మళ్లీ వెలుతురుకేసి తిరిగి ఉంటుంది. మాను మొత్తం కర్రలా తిన్నగా ఉండి ఒరిగితే అది ఈ మధ్య జరిగినది. అప్పుడు ఒరిగిన దిక్కుకి ఎదురు వైపు నేలలో నెలవంకలాంటి పగులు ఉందా, మట్టి పైకి లేచిందా చూడండి. ఉంటే అక్కడ తాడు కట్టి మనుషుల్ని ఆపడం ఆ రోజే జరగాలి. రిపోర్టు తర్వాత రాసుకోవచ్చు.

తర్వాత మొదలు. చెత్త, ఎండాకు, తీగలు, సున్నం, ఎర్రమట్టి పూతలు అన్నీ తీసి చూడాలి. మాను నేలలోకి దిగేచోట వెడల్పై, వేళ్లు నాలుగు పక్కలా విచ్చుకుంటూ కనిపించాలి. కరెంటు స్తంభంలా సూటిగా నేలలోకి దిగిందంటే మొదలు మీద మట్టి పోశారనో, వేళ్లు కోసేశారనో అర్థం. సిమెంటు గట్టు మానుని బిగపట్టి ఉంటే అదీ రాసుకోండి. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీకి ఆదేశం ఇచ్చింది, యాజమాన్యానికి చూపించడానికి పనికొస్తుంది.

మాను చుట్టూ నైలాన్ సుత్తితో మోకాలి ఎత్తు నుంచి చెయ్యి అందినంత ఎత్తు వరకూ జానెడు జానెడుకి తట్టాలి. గట్టి చెక్క టక్కుమంటుంది, బోలు ఉన్నచోట డప్పు మోగినట్టు వస్తుంది. శబ్దం మారినచోట సుద్దముక్కతో గీత గీస్తూ పోతే బోలు హద్దు బయటే కనిపిస్తుంది. రెండు చోట్ల ఈ పరీక్ష మోసం చేస్తుంది. బెరడు లోపల వదులైతే చెక్క బాగున్నా బోలు శబ్దం వస్తుంది. నిద్రగన్నేరు ముసలి మానుకి బెరడు మందంగా ఉంటుంది కాబట్టి లోపల బోలున్నా శబ్దం అణిగిపోతుంది. మాలీలకు ముందు గట్టి చెట్ల మీద తట్టడం అలవాటు చెయ్యండి, చెవి కుదరడానికి కొంత సమయం పడుతుంది.

ఆ తర్వాత పంగలు. రెండు సమాన లావు కొమ్మలు ఇరుకుగా పైకి లేచినచోట బెరడు లోపలికి మడుచుకుపోతే అక్కడ చెక్కకి చెక్క అతుక్కోదు. చూసి గుర్తుపట్టడం తేలిక: మంచి పంగలో బెరడు గీత పైకి ఉబ్బి ఉంటుంది, చెడ్డ పంగలో లోపలికి మడత పడి, కింద రెండు పక్కలా చెవుల్లాంటి ఉబ్బు వస్తుంది. ఆ మడత కింద నిలువు చీలిక, రసం కారిన మరక ఉంటే విరగడం మొదలైనట్టే. పచ్చతురాయిలో, తురాయిలో ఇది ఎక్కువ.

పై కొమ్మలకి బైనాక్యులర్ వాడండి, 8×42 చాలు. బెరడు ఊడిన కొమ్మ, మొగ్గ లేని కొమ్మ, పాతగాలికి విరిగి మధ్యలో చిక్కుకున్న కొమ్మ వెతకాలి. చిక్కుకున్న కొమ్మని మాలీ కిందనుంచి వెదురుగడతో లాగకూడదు.

మిగతా సామాను పెద్దగా ఏం లేదు. కొలత టేపు, ఆరు మిల్లీమీటర్ల లావు అరమీటరు ఇనుపచువ్వ, పది రెట్ల భూతద్దం, సుద్దముక్కలు, నంబరు బిళ్లలు. తొర్రలోకి చువ్వే పెట్టండి. చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. పైన పెద్ద తేనెపట్టు ఉంటే ఆ చెట్టుకి సుత్తి పరీక్ష ఆ రోజు మానెయ్యండి.

---

డాలస్_ఆర్బరిస్ట్

శేషు గారు పద్ధతి చెప్పేశారు, కోర్సుల సంగతి నేను రాస్తాను.

అమెరికాలోనూ ఇంకా చాలా దేశాల్లోనూ చెలామణీలో ఉన్నది ఐఎస్‌ఏ (చెట్ల సంరక్షకుల అంతర్జాతీయ సంఘం) వాళ్ల ట్రాక్, అంటే చెట్ల ప్రమాద అంచనా అర్హత. రెండు రోజులు పాఠం, ఆరుబయట అభ్యాసం, ఆ తర్వాత రాత పరీక్ష, చెట్టు దగ్గర పరీక్ష. అర్హత ఐదేళ్లు చెల్లుతుంది, మళ్లీ రాయాలి. దానికి ముందు ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) సర్టిఫికెట్ గానీ, సంబంధిత డిగ్రీ గానీ అడుగుతారు. బ్రిటన్‌లో లాంట్రా అనే శిక్షణ సంస్థ వాళ్లవి రెండు మెట్లు. ఒకరోజు ప్రాథమిక తనిఖీ కోర్సు మాలీలకూ సూపర్‌వైజర్లకూ సరిపోతుంది, మూడు రోజుల వృత్తిపరమైన తనిఖీ కోర్సు అనుభవం ఉన్నవాళ్ల కోసం. రెండూ పరీక్షతో ముగుస్తాయి.

ఈ కోర్సులు నేర్పేది ముఖ్యంగా నిర్ణయం తీసుకునే క్రమం. ట్రాక్‌లో మూడు ప్రశ్నలుంటాయి. మీరు పెట్టుకున్న గడువులో, సాధారణంగా ఏడాదిలో, ఈ భాగం విరిగే అవకాశం ఎంత? విరిగితే మనిషికో ఆస్తికో తగిలే అవకాశం ఎంత? తగిలితే నష్టం ఎంత? ఒక్కోదానికి నాలుగు మెట్లు, రెండు పట్టికలు. గడువు రాయని అంచనాకి విలువ లేదు, ఎందుకంటే గడువు లేకపోతే ప్రతి చెట్టూ ఎప్పుడో ఒకప్పుడు పడేదే.

మీ క్యాంపస్‌లో ఉండే రకం ఉదాహరణ ఒకటి. బైకుల స్టాండు మీదికి పాకిన నిద్రగన్నేరు కొమ్మ, పాతిక సెంటీమీటర్ల లావు, మొదట్లో చీలిక. ఏడాదిలో విరగడం "సంభావ్యం". స్టాండులో మనుషులు తరచూ ఉంటారు, నిరంతరం ఉండరు, కాబట్టి తగలడం "మధ్యస్థం". రెండూ కలిపితే మొదటి పట్టికలో "కొంతవరకు జరగవచ్చు". మనిషి మీద పడితే నష్టం "తీవ్రం". రెండో పట్టికలో ఫలితం మధ్యస్థ ప్రమాదం. ఇప్పుడు స్టాండుని ఇరవై మీటర్లు పక్కకి జరిపారు అనుకోండి. తగిలే అవకాశం "తక్కువ"కి దిగుతుంది, మొత్తం ప్రమాదం కూడా తక్కువకి దిగుతుంది. కొమ్మ ఒక్క అంగుళం కూడా కొయ్యలేదు. యాజమాన్యానికి ఈ లెక్క చూపిస్తే "కొట్టించేస్తాం" అనే మాట కొంచెం తగ్గుతుంది.

తనిఖీలో మూడు స్థాయిలు కూడా ఉన్నాయి. మొదటిది నడుస్తూనో వాహనంలోంచో పైపైన చూడటం. రెండోది చెట్టు చుట్టూ తిరిగి సుత్తి, చువ్వ, బైనాక్యులర్‌తో చూడటం, శేషు గారు రాసింది అదే. మూడోది యంత్రాలు, వేళ్ల తవ్వకం, చెట్టెక్కి చూడటం. వందలో చాలా వాటికి రెండో స్థాయి దగ్గరే సమాధానం వచ్చేస్తుంది.

ఒక హెచ్చరిక. విదేశీ కోర్సుల్లో చూపించే బూజుల బొమ్మలు ఓక్, బీచ్, మేపుల్ చెట్లవి. వేప, నిద్రగన్నేరు, ఏడాకుల పాల ఎలా విరుగుతాయో అక్కడ ఎవరూ చెప్పరు. దాన్ని మీ ఊళ్లో పడిపోయిన చెట్ల దగ్గరే నేర్చుకోవాలి. గాలివాన మర్నాడు పడిన ప్రతి చెట్టునీ కోసి తీసుకెళ్లేలోపు ఫోటో తీసి, జాతి, మానుచుట్టు, ఎక్కడ విరిగింది, లోపల ఏముంది రాసిపెట్టుకోండి. పదేళ్ల తర్వాత కోర్సు పుస్తకం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మన దగ్గర అయితే చదువుకి దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, రాజమహేంద్రవరం అటవీ అకాడమీ, మొక్కల ఆరోగ్యానికి రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ. ఇవన్నీ ప్రధానంగా అడవికీ పొలానికీ ఏర్పడినవి. కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు "చెట్ల తెగుళ్ల గుర్తింపు, కుళ్లు బూజులు, నమూనా సేకరణ" అని విడిగా అంశం రాసి అడగండి. "చెట్ల శిక్షణ కావాలి" అంటే నర్సరీ పెంపకం పాఠం వస్తుంది.

---

తెగుళ్ల_ల్యాబ్

వేపల గురించి. కొసల నుంచి కిందికి ఆకులు గోధుమరంగుకి మారి, వానాకాలం మొదలయ్యాక ముదిరి, చలికాలంలో చెట్టంతా మాడినట్టు కనిపిస్తే అది దాదాపుగా కొసలెండు తెగులు. కారణం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే బూజు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్లలో రసం పీల్చి పొడిచిన చోట్లు ఎండి పని ఇంకా పాడవుతుంది. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోడ్ల పక్క వేపలన్నీ ఒకేసారి మాడినట్టు కనిపించి అందరూ కంగారుపడింది ఇదే. వాటిలో ఎక్కువ మళ్లీ చిగురించాయి.

కాబట్టి మాడిన వేపని చచ్చిన వేపగా రాయొద్దు. చూపుడు వేలు లావు కొమ్మ మీద గోటితో గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది. కొస నుంచి కిందికి గీకుతూ వస్తే పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. వేలి లావు కొసలు మాత్రమే ఎండితే అది ఆరోగ్య సమస్య, ఆ పుల్లలు పడినా మనిషికి పెద్దగా దెబ్బ తగలదు. చేతి మణికట్టు లావు కొమ్మలు ఎండి దారి మీద వేలాడుతుంటే అప్పుడు ప్రమాదం లెక్కలోకి వస్తుంది, ఆ కొమ్మలు తీయించండి.

మందు గురించి అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. లీటరుకి రెండు గ్రాముల కార్బెండాజిమ్ పిచికారీ నర్సరీ మొక్కలకీ చిన్న చెట్లకీ కుదురుతుంది. నలభై అడుగుల వేప మొత్తం తడిసేలా కొట్టడం, అదీ హాస్టల్ కిటికీల పక్కన, ఆచరణలో అయ్యే పని కాదు. ఎండు కొసల్ని పొడి వాతావరణంలో కోసి క్యాంపస్ బయటికి పంపండి, వేసవిలో ఒకట్రెండుసార్లు లోతుగా నీళ్లు పెట్టండి, మొదలు చుట్టూ కాంక్రీటు తీయండి. అంతే.

అసలు భయపడాల్సింది మానుమొదట్లో వచ్చే గానోడెర్మా అనే కుళ్లు బూజు. అరచేయి నుంచి పళ్లెం సైజు దాకా గట్టి చెక్కలాంటి పుట్టగొడుగు, పైన ఎరుపు గోధుమ, తరచూ వార్నిష్ పూసినట్టు మెరుపు, పెరిగే అంచు తెల్లగా. చుట్టుపక్కల కోకో పొడి చల్లినట్టు గోధుమరంగు దుమ్ము పడి ఉంటుంది, అది దాని బీజాలు. పుట్టగొడుగు కనిపించేసరికి లోపల వేళ్లు, మొదలు చాలాకాలంగా కుళ్లుతూ ఉంటాయి. చెట్టు పైన ఆకు మాత్రం పచ్చగానే ఉండొచ్చు, ఎందుకంటే నీళ్లు మోసేది బయటి పొర, కుళ్లేది లోపలి చేవ. తురాయి దీనికి తొందరగా లొంగుతుంది. ఆ పుట్టగొడుగుని పీకి పారేసి "చెట్టు బాగుచేశాం" అనుకోవడం మాలీలు ఎక్కువగా చేసే తప్పు. లోపలి బూజు అలాగే ఉంటుంది, మీకు మిగిలిన ఒక్క ఆనవాలు పోతుంది. ఫోటో తీసి, దిక్కు రాసి, అలాగే వదిలెయ్యండి.

ఇందువల్లే తనిఖీ ఏడాదిలో ఒక్కసారి చాలదు. బూజుల పుట్టగొడుగులు వానల తర్వాత, సెప్టెంబరు అక్టోబరుల్లో బాగా బయటపడతాయి. పంగలు, చీలికలు, ఎండు కొమ్మలు చూడాలంటే తురాయి, వేప ఆకు రాల్చే ఫిబ్రవరి మార్చి మంచివి. ఆకు లేని తురాయిలో చచ్చిన కొమ్మ, బతికిన కొమ్మ ఒకేలా కనిపిస్తాయి, ఏప్రిల్ మేలో చిగురు వచ్చాక ఒకసారి తిరిగి చూసి తేల్చుకోండి.

చెదల గురించి కూడా తప్పుడు అభిప్రాయం ఉంది. బెరడు మీద మట్టిగొట్టాలు కనపడగానే చెట్టు బోలు అనుకుంటారు. చాలా జాతుల చెదలు చచ్చిన బెరడునే తింటాయి. గొట్టం పగలగొట్టి కింద బెరడు తీసి చూడండి, చెక్క గట్టిగా ఉంటే ఫర్వాలేదు. మానుకి గాయమో తొర్రో ఉండి చెదలు దాంట్లోంచి లోపలికి పోతుంటేనే సమస్య. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలతో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు బొట్టు బొట్టుగా ఎక్కించి, కొమ్మలకు కాంక్రీటు దిమ్మెలు ఆసరా పెట్టింది ఇలా చెదలు కొమ్మల లోపలికి చేరినందుకే. అది శతాబ్దాల మర్రి కాబట్టి చేశారు. ప్రతి వీధిచెట్టుకీ చేసే పని కాదు.

తొలుచు పురుగు ఉంటే మొదట్లో రంపపు పొట్టు కుప్పగా పడుతుంది, రంధ్రం వేలు పట్టేంత ఉంటుంది. మామిడి, మర్రి జాతుల్లో చూడండి. బదనిక పట్టిన కొమ్మకి బదనిక ఆకులు మాత్రం కోస్తే లాభం లేదు, అతుక్కున్నచోటికి ఒక అడుగు కింద కొమ్మే కొయ్యాలి.

ల్యాబుకి నమూనా పంపేటప్పుడు పూర్తిగా ఎండిన పుల్ల పంపకండి, దాంట్లో చచ్చిన చెక్క తినే బూజులే దొరుకుతాయి. ఎండినదీ పచ్చనిదీ కలిసే హద్దు మధ్యలో ఉండేలా జానెడు ముక్క కోసి, వార్తాపత్రికలో చుట్టి, మర్నాటికల్లా చేర్చండి. పాలిథిన్ సంచిలో పెడితే చెమర్చి కుళ్లిపోతుంది.

---

గుంటూరు_హార్టీ

అందరికీ ధన్యవాదాలు, వేపల సంగతి తేలిపోయింది. ఇప్పుడు ఒక్క చెట్టు విషయంలో సలహా కావాలి. నిద్రగన్నేరు, ఛాతీ ఎత్తులో మానుచుట్టు 251 సెంటీమీటర్లు. పడమర వైపు మాను నుంచి మీటరున్నర దూరంలో కేబుల్ కోసం మూడడుగుల లోతు కందకం తవ్వారు, పోయిన ఏడాది. తూర్పు వైపు మీటరు ఎత్తులో తొర్ర, నోరు 20 సెంటీమీటర్ల వెడల్పు. నోటి అంచు దగ్గర గోడ మందం తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. ఆకు పచ్చగా ఉంది. తూర్పున 12 మీటర్ల దూరంలో క్యాంటీన్. తొర్రలో సిమెంటు నింపమని సివిల్ వాళ్లు అంటున్నారు.

---

శేషు_వీధిచెట్లు

సిమెంటు వద్దు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెంటి మధ్యా సందు ఏర్పడి నీళ్లు నిలుస్తాయి. పైగా రేపు కొయ్యాల్సి వస్తే రంపం గొలుసు తెగి మనిషికి తగులుతుంది.

తొర్ర లెక్క చూద్దాం. 251ని 3.14తో భాగిస్తే వ్యాసం 80 సెంటీమీటర్లు, బెరడు తీసేస్తే వ్యాసార్ధం సుమారు 38. జర్మనీలో క్లాస్ మాటెక్ అనే శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం మిగిలిన గట్టి గోడ మందం వ్యాసార్ధంలో 0.3 వంతుకి తగ్గకూడదు. అంటే 11.4 సెంటీమీటర్లు ఉండాలి, మీకు తొమ్మిది ఉంది. కంగారుపడొద్దు, అది నోటి అంచు దగ్గర కొలత, మిగతా చుట్టూ ఎక్కువ ఉండొచ్చు. సుత్తితో చుట్టూ తట్టి బోలు హద్దు గీయండి. గుండ్రంగా, సమంగా ఉండే బోలు వ్యాసంలో 70 శాతం ఉన్నా వంపుకి తట్టుకునే బలంలో పోయేది 24 శాతమే. నోరు తెరిచి ఉన్నా, బోలు ఒక పక్కకి జరిగినా ఆ 24 శాతం లెక్క చెల్లదు. నోరు చుట్టుకొలతలో మూడో వంతు దాటితే 0.3 సూత్రాన్ని కూడా పక్కన పెట్టాలి. మీది 20 సెంటీమీటర్లే కాబట్టి 0.3 సూత్రం వాడుకోవచ్చు.

నాకు తొర్ర కన్నా కందకం ఎక్కువ భయం కలిగిస్తోంది. చెట్టుని నిలబెట్టే లావు వేళ్లు మాను వ్యాసానికి మూడు రెట్ల దూరంలోపు ఉంటాయి, మీ చెట్టుకి 2.4 మీటర్లు. మీ కందకం 1.5 మీటర్ల దగ్గర, అంటే లంగరు వేళ్లనే కోసేశారు. పోషణ వేళ్ల రక్షణకి బ్రిటన్ ప్రమాణం వ్యాసానికి 12 రెట్లు చెబుతుంది, మీకు 9.6 మీటర్లు. అదీ గాక కోసింది పడమర వైపు. నైరుతి గాలి అటునుంచి వస్తుంది, గాలి కొట్టే పక్క వేళ్లే తాడులా చెట్టుని పట్టి ఉంచుతాయి. అవి తెగితే చెట్టు తూర్పుకి, అంటే క్యాంటీన్ వైపు పడుతుంది. ఆకు ఇప్పుడు పచ్చగా ఉండటంలో వింత లేదు. తెగిన వేళ్ల చివర్ల నుంచి కుళ్లు మొదటికి పాకడానికి కొన్నేళ్లు పడుతుంది.

చెయ్యాల్సింది: కందకం అంచు దగ్గర పారతో కాకుండా చేతితో మట్టి తీసి, తెగిన వేళ్లు ఎన్ని, ఎంత లావు, చివర్లు గట్టిగా ఉన్నాయా మెత్తబడ్డాయా చూడండి. మాను మీద రెండు మీటర్ల ఎత్తులో మేకు గుర్తు పెట్టి, మేస్త్రీల గుండు దారం వేలాడదీసి, గుండు ముల్లు కిందపడే చోట నేలలో రాయి పాతండి. నెలకోసారీ, ప్రతి గాలివాన మర్నాడూ చూడండి. ముల్లు జరిగితే చెట్టు జరుగుతున్నట్టు.

---

కిరణ్_క్లైంబర్

ఆ నిద్రగన్నేరుకి యంత్రం కావాలా అంటే నా అభిప్రాయం వద్దు. సోనిక్ టోమోగ్రాఫ్ మాను చుట్టూ సెన్సర్లు బిగించి శబ్దం పోయే వేగం బట్టి లోపలి బొమ్మ గీస్తుంది. చీలిక ఉంటే శబ్దం చుట్టూ తిరిగి వస్తుంది, బొమ్మలో కుళ్లు ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది. రెసిస్టోగ్రాఫ్ మూడు మిల్లీమీటర్ల మొనతో లోపలికి రంధ్రం చేస్తూ నిరోధం గీస్తుంది, ఒక్క గీత మీద మాత్రమే చెబుతుంది, పైగా కుళ్లుకి చెట్టు కట్టుకున్న అడ్డుగోడని పొడిచేస్తుంది. రెండూ మాను గురించే చెబుతాయి. మీ సమస్య వేళ్లలో ఉంది.

కోత విషయంలో ఒక్కటి. తల నరకొద్దు. కరెంటు లైన్ల కింద చేసినట్టు మొండెం చేస్తే, కోసినచోట పదుల కొద్దీ పిలకలు వస్తాయి. అవి బెరడు పొరలోంచి పుడతాయి, చెక్కలో వేరు ఉండదు. నాలుగైదేళ్లకి మణికట్టు లావై గాలికి ఊడిపోతాయి. గాలి పట్టు తగ్గించాలంటే కొమ్మల చివర్లు, పక్కకొమ్మ ఉన్నచోటికి కొయ్యాలి, మొత్తం ఆకులో నాలుగో వంతుకి మించకుండా. వేళ్లు తెగిన చెట్టుకి ఇంకా తక్కువ, ఎందుకంటే కొత్త వేళ్లు పెంచుకోవాలంటే దానికి ఆకే కావాలి.

లావు కొమ్మ కొయ్యడం మూడు కోతల్లో. మానుకి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు, దానికి కాస్త బయట పై నుంచి పూర్తిగా, ఆ తర్వాత మిగిలిన మొండిని కొమ్మ మొదటి ఉబ్బుకి సరిగ్గా బయట. కింది కోత మానేస్తే కొమ్మ పడుతూ మాను బెరడుని గజం మేర చీల్చుకుపోతుంది. కోతకి తారు, పెయింటు పూయొద్దు.

కొబ్బరికి ఈ లెక్కలేవీ వర్తించవు. దాని మాను చుట్టూ కొత్త చెక్క పెరగదు, గాయం మూసుకోదు. అక్కడ చూడాల్సింది మొవ్వ ఒరగడం, ఎర్రముక్కు పురుగు రంధ్రాల్లోంచి నమిలిన పీచు, మొదట్లో ముదురు గోధుమ రసం కారడం. కారితే గానోడెర్మా అనుమానించండి. హాస్టల్ దారి పక్క వరుస అంటే కాయలూ, ఎండుమట్టలూ క్రమం తప్పక దింపించడమే సగం పని.

---

డాలస్_ఆర్బరిస్ట్

కిరణ్ గారితో యంత్రం విషయంలో ఏకీభవిస్తున్నాను, కానీ కాగితం మీద ఒక మాట రాయాలి: "వేళ్ల పరిశీలన చేయలేదు" లేదా "పడమర వైపు మాత్రమే చేశాం" అని. తనిఖీలో ఏది చూడలేకపోయారో రాయడం రిపోర్టులో భాగం. 2022 జులైలో చండీగఢ్‌లో ఒక పాఠశాలలో వారసత్వ రావిచెట్టు పడి విద్యార్థిని చనిపోయింది. అలాంటిది జరిగాక ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, ఏం సూచించారు, అది అమలైందా అని అడుగుతారు.

కాబట్టి ప్రతి చెట్టుకీ ఒక వరుస ఉండాలి: బిళ్ల నంబరు, జాతి, మానుచుట్టు, తేదీ, కింద ఎవరుంటారు, ఏ భాగంలో ఏ లోపం, గడువు, ప్రమాద స్థాయి, చెయ్యాల్సిన పని, ఎప్పటిలోగా, మళ్లీ తనిఖీ ఎప్పుడు. "చెట్టు సురక్షితం" అని ఎక్కడా రాయకండి. "ఈ తేదీన, ఈ స్థాయి తనిఖీలో, కనిపించే లోపం లేదు" అని రాయండి.

ఆ నిద్రగన్నేరుకి మీరు చెప్పిన వివరాల మీద నా అంచనా: వేళ్ల నుంచి పడటం ఏడాదిలో "సంభావ్యం", క్యాంటీన్ నిండా మనుషులు కాబట్టి తగలడం "ఎక్కువ", నష్టం "తీవ్రం", మొత్తం ఎక్కువ ప్రమాదం. జూన్‌లోపు ఏదో ఒకటి జరగాల్సిందే. చెట్టు ఎత్తు 12 మీటర్లు దాటుతుంది కదా? దాటకపోతే క్యాంటీన్ భవనానికి అందదు, లెక్క మారిపోతుంది. ముందు అది కొలవండి.

---

గుంటూరు_హార్టీ

ఫోన్‌లో కోణం యాప్‌తో కొలిచాను, ఎత్తు 16 మీటర్లు. మట్టి తీసి చూస్తే పడమర వైపు చేతి లావు వేళ్లు నాలుగు తెగి ఉన్నాయి, రెండింటి చివర్లు మెత్తబడి గోధుమరంగుకి తిరిగాయి.

---

శేషు_వీధిచెట్లు

అయితే ఆగొద్దు. ఈ రోజే క్యాంటీన్ తూర్పు గుమ్మం నుంచి నడిచేలా మార్చండి, పడమటి వరండాలో బల్లలు తీయించండి. ఆ చెట్టుని తీసెయ్యమనే రాస్తాను నేనైతే. కిరణ్ గారు చెప్పిన కొమ్మ చివర్ల కోత ఇక్కడ సమయం కొనిస్తుందేమో గానీ, లంగరు వేళ్లు కుళ్లుతుంటే ఎంతకాలమో ఎవరూ హామీ ఇవ్వలేరు. కొట్టడానికి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం 2002 కింద అనుమతి తీసుకోవాలి. దరఖాస్తుతో పాటు కందకం ఫోటోలు, వేళ్ల ఫోటోలు పక్కన కొలబద్ద పెట్టి తీసినవి, గుండు దారం కొలతలు జతచెయ్యండి.

మిగతా 299 చెట్లకి బిళ్లలు కొట్టేటప్పుడు ఇనుప మేకులు వద్దు, అల్యూమినియం మేకు వాడి తలని రెండు సెంటీమీటర్లు బయటికి వదలండి. మాను లావెక్కేకొద్దీ బిళ్ల బయటికి జరుగుతుంది. బిగించి కొడితే కొన్నేళ్లకి బెరడు దాన్ని మింగేస్తుంది, నంబరు దొరకదు.